సాక్ష్యంలో చివరి వాక్యం

మా ఆడబిడ్డ రెబెకా హైదరాబాదు నుంచి కరీంనగర్ వస్తోందంటే ఇంట్లో అందరికీ సంబరం, నాకు మాత్రం పరీక్షల కాలం. ఆ పిల్ల మనుషులను పలకరించదు, సర్వే చేస్తుంది. ఒకసారి క్రిస్మస్ నాడు పన్నెండు మందికి బగారన్నం వండి, గిన్నెలు తోమి, అప్పుడే కుర్చీలో కూలబడ్డాను. "వదినా, సున్నా నుంచి పది వరకు చెప్పాల్నంటే నీ అలసట ఎంత?" అని అడిగింది. "పదకొండు" అన్నాను. నవ్వుతుందనుకున్నాను. పుస్తకంలో రాసుకుంది. వచ్చిన గంటలో నా భోజనాల బల్లంతా కాగితాలు పరుస్తుంది. వాటి మీద పచ్చడి చుక్క పడితే నా వైపు చూస్తుంది, పచ్చడి వేసుకున్నది తనే అయినా సరే. మా ఆయన అనిల్ కుమార్‌కు చెల్లెలంటే ప్రాణం. అందుకని కంచం పట్టుకుని టీవీ ముందుకు పోయి తింటాడు. దాన్ని త్యాగమంటాడు.

క్యాన్సర్‌ను నయం చేసే డాక్టర్లు వేరే ఉన్నారు. రెబెకా చూసేది ఆ తర్వాతి సంగతి. ఆపరేషన్ అయి, కీమో అయి, రేడియేషన్ కరెంటు పెట్టడం కూడా అయి, పెద్ద దవాఖాన వాళ్లు "ఇంటికి పొండి, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోండి" అని పంపేశాక ఆ మనిషి ఎట్లా ఉంటోంది? చేయి వాస్తోందా, అరికాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, రాత్రి నిద్ర పడుతోందా, జబ్బు మళ్లీ తలెత్తుతోందా? "బతికిచ్చినం అని రాసుకుంటరు వదినా, ఆమె ఎట్ల బతుకుతుందో ఎవ్వరూ రాసుకోరు" అంటుంది. అదే ఆమె పరిశోధన.

పోయిన నెల ఖానాపూర్‌లో మొదటి క్యాంపు పెట్టింది. జాబితాలో నలభై నలుగురు ఆడవాళ్లు, మా చర్చి సంఘాల వాళ్లే. అందరూ వైద్యం పూర్తి చేసుకుని, ఆ తర్వాత దవాఖాన వైపు చూడనివాళ్లే. రిజిస్టర్లో వాళ్ల పేర్ల పక్కన "జాడ లేదు" అని ఉంది. రెబెకా బోథ్ నుంచి, ఉట్నూర్ నుంచి జీపులు మాట్లాడింది, డాక్టరమ్మను తెచ్చింది, మధ్యాహ్నం భోజనం కూడా పెట్టింది. వచ్చింది ముగ్గురు. అందులో ఒకామె కళ్లద్దాలు ఇస్తారనుకుని వచ్చింది.

పరిశోధనకు డబ్బిచ్చే సంస్థ వాళ్లు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. రెండో క్యాంపుకు సగం మందైనా రాకపోతే, ఖానాపూర్‌లో నెలనెలా నడపాలనుకున్న చెకప్ కేంద్రం వేరే జిల్లాకు పోతుంది. అప్పుడు వీళ్లంతా హైదరాబాదు బస్సెక్కాలి. అంటే, ఎక్కరు.

"ఇరవై రెండు మంది కావాలె వదినా," అంది రెబెకా బల్ల మీద తల పెట్టుకుని. "ఫోన్ చేస్తే ఎత్తుతలేరు. ఎత్తినా మాట్లాడుతలేరు."

"ఏమని అడుగుతున్నవ్?"

"నమస్కారమండీ, మీరు క్యాన్సర్ పేషెంటే గదా అని."

"నన్నడిగినా కాదనే అంటా. తే ఇటు ఫోను."

మొదటి పేరు మీద నా వేలు పెట్టాను. ఖానాపూర్ లింగవ్వ. పక్కన "మరణం" అని రాసి ఉంది. ఇంటివాళ్లు ఫోన్లో చెప్పారట. సరే, పరామర్శ నుంచే మొదలు పెడదామని చేశాను.

"వందనాలమ్మా. కరీంనగర్ నుంచి, దెబోరమ్మ కోడల్ని మమతారాణిని. లింగవ్వ పోయిందని ఇప్పుడే తెలిసింది..."

"ఎటు పోయింది? నేనే మాట్లాడుతున్న!"

"మరి మొన్న మా ఆడబిడ్డకు ఫోన్ల ఎవరో చెప్పిండ్రంట?"

"నేనే చెప్పిన. ఇన్సూరెన్సోళ్లనుకున్న. ఊకె పరేషాన్ చేస్తరని, సచ్చిపోయింది పెట్టేయున్రి అన్న. దెబోరమ్మ మంచిగున్నదా?"

నేను ఫోను స్పీకర్లో పెట్టాను. రెబెకా రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత రిజిస్టర్ లాక్కుని "మరణం" మీద గీసిన గీత అవతలి పేజీకి కూడా తగిలింది. చచ్చిన లింగవ్వ నలభై నిమిషాలు మాట్లాడింది. మక్కజొన్న కంకులు, దుబాయిలో ఉన్న కొడుకు, కొత్త కోడలు పెట్టే చారు, అన్నీ అయ్యాక అడిగాను, చెకప్‌కు ఎందుకు రాలేదని.

ఆమె గొంతు మారిపోయింది. నిలబడి చదువుతున్నట్టు చెప్పింది: "ముట్టినవాడు సగం ముట్టడు. ఇక దవాఖాన గడప నా పాదమెరుగదు. కూడికల సాక్ష్యం చెప్పిన బిడ్డా. చెప్పినంక ఎట్ల పోత?"

మా సంఘంలో అది ఆనవాయితీ. దేవుడు మేలు చేశాడనుకున్నవాళ్లు స్త్రీల కూడికలో ముందుకొచ్చి, జరిగింది పదిమందికీ చెబుతారు. దాన్నే సాక్ష్యం అంటాం. చెప్పాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

ముట్టినవాడంటే, తాకి నయం చేసిన దేవుడు. ఎంత బాగుంది వాక్యం అనుకున్నాను. బోథ్‌లో గ్రేస్ అనే ఆమెకు చేశాను. ఆమె కూడా అదే చెప్పింది, అక్షరం పొల్లు పోకుండా. బైబిల్లోదేమోనని వెతికాను, దొరకలేదు. ఉట్నూర్‌లో ఒక అంగన్‌వాడీ టీచరుకు చేశాను. "ముట్టినవాడు సగం ముట్టడు" అని ఆమె మొదలు పెట్టగానే వంట గట్టును పట్టుకుని నిలబడ్డాను. ఖానాపూర్ మనిషి "ఎరుగదు" అనదు. ఉట్నూర్ మనిషీ అనదు. అట్లాంటి మాట పుస్తకాలు చదివినవాళ్లే రాస్తారు.

అది నా వాక్యం.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, మొదట కలిగింది సంతోషమే. బి.ఏ. తెలుగులో ఫస్ట్ క్లాసు తెచ్చుకుని, ఇరవై రెండేళ్లుగా సరుకుల చీటీ తప్ప ఏమీ రాయని మనిషిని. నా వాక్యం గోదావరి దాటి, ఘాట్ రోడ్డెక్కి, అడవి ఊళ్లలో ఆడవాళ్ల నోళ్లలో తిరుగుతోంది. ఎందరు రచయితలకుంటుంది ఆ అదృష్టం? ఆ సంతోషం ఒక నిమిషం ఉంది. తర్వాత జాబితాలోని నలభై నాలుగు పేర్లు కళ్ల ముందుకొచ్చాయి.

అయిదేళ్ల కింద మా అత్తమ్మ దెబోరమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. రిటైర్డు టీచరు, మా జిల్లాల స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఏడాది వైద్యం నడిచింది. అయిపోయాక పెద్ద కూడికలో సాక్ష్యం చెప్పాలని, "జర మంచిగ రాసియ్యి మమతా" అని నాకు కాగితం ఇచ్చింది. ఆమె రాసుకున్న చివరి మాట ఇది: "మందులైతే అయిపోయినయి, దేవునికి స్తోత్రం, ఇగ కూసుంట." ఇంత పెద్ద కథకు ఇంత చిన్న ముగింపా అనిపించింది. కొట్టేసి, నాది పెట్టాను. ఆరు నెలలకోసారి రమ్మన్న సంగతి నాకు తెలుసు. కానీ వాక్యం బాగా కుదిరింది.

అత్తమ్మ చెప్పినప్పుడు గుడారం లేచి చప్పట్లు కొట్టింది. వీడియో అన్ని సంఘాల గ్రూపుల్లో తిరిగింది. అప్పుడు ఢిల్లీలో చదువుకుంటున్న రెబెకా రెండు నిమిషాలు చూసి, ఏడుపాగక ఆపేసిందట. చివరిదాకా వినలేదు. అత్తమ్మ ఆ తర్వాత చాలా కూడికల్లో అదే చెప్పింది. ఆరు నెలలయ్యాక దవాఖానకు పోదామంటే, "చెప్పిన మాట ఎట్ల తప్పుత?" అంది. హైదరాబాదు ప్రయాణం తప్పిందని లోపల్లోపల నేనూ కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఇప్పుడు ఆమె ఎడమ చేయి కుడి చేతికంటే లావుగా ఉంటోంది. ఆ చేతి గాజులు ఎప్పుడో తీసేసింది. ఎడమ వైపు జాకెట్టు కుట్లు విప్పి వదులు చేసేది నేనే. పోయిన వారం చూస్తే ఇక విప్పడానికి లోపల గుడ్డ మిగల్లేదు. కూతురు వచ్చినప్పుడల్లా ఆ చేతిని కొంగు కింద పెట్టుకుంటుంది. చెకప్ సంగతి అడిగితే 'అంతా మంచిగనే ఉన్నది' అని మాట మారుస్తుంది.

రెబెకాకు సగమే చెప్పాను. వాళ్లంతా సాక్ష్యంలో మాట ఇచ్చారని, చెకప్‌కు పోతే దేవుణ్ని అనుమానించినట్టు అవుతుందని అనుకుంటున్నారని.

రెబెకా కుర్చీలోంచి లేచింది. "వదినా! దూరం అనుకున్న. చదువు లేక అనుకున్న. రిపోర్టుల గూడ అదే రాసిన! మాట, వదినా! ఒక్క మాట!" అని నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. తిప్పడం ఆపి అడిగింది: "గా మాట మొదలు ఎవరన్నరు?"

"పాలు పొంగుతున్నయ్" అని వంటింట్లోకి పరుగెత్తాను. స్టవ్ మీద పాలు లేవు.

తర్వాతి వారమంతా నాకు పండుగే. పొద్దున పదికి వంట ముగించి ఫోను పట్టుకునేదాన్ని. "జాడ లేదు" అన్న పేర్లకు ఒక్కొక్కటిగా జాడ దొరుకుతుంటే, చేపలు పట్టేవాళ్ల ఆనందం ఏమిటో తెలిసింది. ముప్ఫై తొమ్మిది మంది దొరికారు. ఒకామె మనవరాలి పెళ్లికి పిలిచింది కూడా. కూడికకు రమ్మంటే వస్తామన్నారు, చెకప్‌కు మాత్రం రామన్నారు. అందుకని నేనే పథకం వేశాను. ఖానాపూర్‌లో స్త్రీల కూడిక రోజే, చర్చి పక్క బడి గదిలో క్యాంపు. మనుషులు ఎట్లాగూ అక్కడే ఉంటారు. దాటాల్సింది ఒక్క వాకిలి.

ఇక మిగిలింది అత్తమ్మ. ఆమె వేదిక మీద ఒక్క మాట అంటే చాలు. ఆమె చదవడానికి కొత్త సాక్ష్యం రాశాను. "మేలు పొందినవారు తిరిగి వచ్చి చూపించుకొనుట కూడా స్తోత్రమే" అని చివర పెట్టాను. ఈ వాక్యమూ బాగానే కుదిరింది. నాకు ఆ రోగం పోదు.

అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. కాగితం నాలుగు మడతలు పెట్టి నా ముందుకు తోసింది.

"ఏందే ఇది? దేవుడు నా నోట్ల పెట్టిన మాట మార్చనీకి నువ్వెవ్వతివి?"

"దేవుడా అత్తమ్మా?"

"మరి? గుడారం మొత్తం లేచి నిలబడ్డది. మనుషుల మాటకు నిలబడుతరా?"

రాసింది నేనేనని చెప్పబోయాను. మింగేశాను. ఆమెకు నిజంగా గుర్తులేదు. అన్నిసార్లు చెప్పాక మాట మనిషిదైపోతుంది కాబోలు.

"రెబెకా కోసమన్నా..."

"కూడికకు వస్త. క్యాంపుకు రాను. ఫికర్ చెయ్యకు, అడ్డం గూడ చెప్ప."

శనివారం తెల్లవారగానే కారులో బయలుదేరాం. రెబెకా ముందు సీట్లో కూర్చుని వేళ్ల మీద పేర్లు లెక్కపెట్టుకుంటోంది. అత్తమ్మ నా పక్కన, చేయి కొంగు కింద.

ఖానాపూర్ చేరేసరికి షామియానా నిండా ఆడవాళ్లు. జీపులు ఇంకా దిగుతూనే ఉన్నాయి. రెబెకా జాబితా పట్టుకుని పరుగులు పెట్టింది. "ముప్ఫై ఒక్క మంది వదినా! ముప్ఫై ఒక్క మంది వచ్చిండ్రు!" లింగవ్వ నాకంటే గట్టి మనిషి. ఒకవైపే ఉన్న రొమ్మును దాచుకోకుండా నిటారుగా నడుస్తుంది. "సచ్చినదాన్ని చూడు" అని నన్ను కావలించుకుంది.

పాటలయ్యాయి, ప్రార్థన అయింది. రెబెకా మైకు పట్టుకుని, చేయి వాపు గురించి, తిమ్మిర్ల గురించి, జబ్బు మళ్లీ తలెత్తితే ముందే పట్టుకోవడం గురించి చక్కగా చెప్పింది. డాక్టరమ్మ పక్క గదిలోనే ఉందని, పది నిమిషాల పని అని చెప్పింది. అందరూ తలలూపారు. ఎవరూ లేవలేదు.

గది తలుపు తెరిచే ఉంది. లోపల డాక్టరమ్మ గడియారం చూసుకోవడం ఇక్కడికి కనిపిస్తోంది. అర గంట గడిచింది. బగారన్నం వాసన మొదలైంది. తిన్నారంటే జీపులెక్కేస్తారు. రెబెకా ముఖంలో రంగు పోతోంది.

లింగవ్వే లేచింది. "రెబెకమ్మ మంచిగనే చెప్పింది. మా మేలుకే చెప్పింది. కాని దెబోరమ్మా, నువ్వు చెప్పు. గా రోజు నువ్వన్న మాటే మేమందరం అన్నం. దేవుని ముందర అన్నం. ఇప్పుడు గా గడప తొక్కితే ఆయన్ని అబద్ధికుని జేసినట్టే గదా?"

ముప్ఫై ఒక్క తలలు వేదిక వైపు తిరిగాయి. రెబెకా మొదట తల్లిని చూసింది. ఆ మాట ఎవరిదో ఆమెకు అప్పుడే తెలిసింది. అత్తమ్మ నన్ను చూసింది. ఎందుకు చూసిందో ఆమెకూ తెలియదు. సాయం కావాల్సినప్పుడు ఇరవై రెండేళ్లుగా అట్లాగే చూస్తుంది.

నేను లేచాను. మైకు ఎందుకు తీసుకున్నానో నాకు తెలియదు. నా గొంతు మామూలుగానే ఊరవతలికి వినిపిస్తుంది.

"అవ్వలారా, అక్కలారా. గా మాట దేవుడు పెట్టింది కాదు. నేను పెట్టిన."

ఎవరో దగ్గారు.

"అత్తమ్మ రాసుకున్నది, 'మందులైపోయినయి, స్తోత్రం, ఇగ కూసుంట' అని. నేనది కొట్టేసిన. చిన్నగున్నదని. పప్పుచారుకు పోపు పెట్టుకుంట, సరుకుల చీటీ ఎనుక రాసిన. 'ఎరుగదు' అనాల్నా, 'తొక్కదు' అనాల్నా అని ఆలోచించుకుంట నిలబడితే ఆవాలు మాడిపోయినయి. గా దినం మా ఇంట్ల అందరూ మాడిన చారే తిన్నరు. దేవుడు రాయించినదైతే చారన్నా కాపాడకపోవునా?"

వంట దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఆరు నెలలకోసారి రమ్మన్నరని నాకు తెలుసు. తెలిసే రాసిన. వినసొంపుగున్నదని."

లింగవ్వ నడుం మీద చేయి పెట్టుకుంది. "అంటే నాలుగేండ్ల సంది మేమందరం నీ పోపు మీద ఒట్టేసుకుని కూసున్నమా?"

"గంతే."

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. అది పక్కకు పాకింది, వెనక్కి పాకింది, షామియానా మొత్తం పగలబడి నవ్వింది. బోథ్ గ్రేస్ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. అది నవ్వో ఏడుపో తెలియలేదు. "నాకు ఒక్క కాలు మొద్దువారి ఏడాదాయె," అంది, "ఎవ్వలకు చెప్పాల్నో తెల్వక సాక్ష్యం పట్టుకుని కూసున్న." ఉట్నూర్ టీచరు తన చేతిని పైకెత్తి చూపింది. "నాకూ వాపున్నది." ఇంకొకామె, "నాకూ." ఇన్నాళ్లూ కొంగుల కింద ఉన్న చేతులు ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి.

"నడువున్రి," అంది లింగవ్వ. "సచ్చినదాన్ని నేనే ముందు పోత."

పోయింది. వెనక గ్రేస్. ఆ వెనక పన్నెండు మంది, ఇరవై మంది. బడి వరండా చాలక వరుస చెట్ల దాకా తిరిగింది. చెప్పులు కుప్పలు పడ్డాయి. "తొయ్యకున్రి, డాక్టరమ్మ ఎటు పోదు" అని ఒకరు, "ముందు అన్నం తిని పోతే ఏమైతది" అని ఇంకొకరు. కూడికకు వచ్చి జాబితాలో లేనివాళ్లు కూడా వరుసలో నిలబడ్డారు. ఒకామె నన్ను ఆపి కళ్లద్దాలు ఇస్తారా అని అడిగింది. రెబెకా బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది. ఇరవై రెండో పేరు రాసేటప్పుడు నన్ను చూసి రెండు వేళ్లు ఎత్తింది, మళ్లీ రెండు వేళ్లు ఎత్తింది. నేను గట్టిగా ఈల వేశాను. పెళ్లయ్యాక ఈల వేయడం అదే మొదటిసారి. అది నా కాలేజీ రోజుల విద్య.

ఆ ఈల అత్తమ్మకు వినబడే ఉంటుంది. షామియానా కింద ఖాళీ కుర్చీల మధ్య ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. దగ్గరికి పోయాను. ఏమంటుందో అనుకుంటూ పక్క కుర్చీ లాక్కున్నాను. నలుగురిలో ఆమె మాటను నా పోపుగిన్నెలో పడేసినదాన్ని.

"చీటీ ఎనుక రాసినవా?" అంది నా వైపు చూడకుండా.

"అవునత్తమ్మా."

"నాకిచ్చింది తెల్ల కాయితం గదా?"

"తర్వాత మంచిగ ఎత్తి రాసిచ్చిన."

ఆమె కొంగు కింద నుంచి ఎడమ చేతిని తీసి ఒడిలో పెట్టుకుని, ఎవరి చేతినో చూసినట్టు చూసింది. "చెయ్యియ్యి" అంది. లేపాను. నడిచేటప్పుడు ఆమె బరువంతా నా మీద వేసింది. మామూలుగా ఎవరి మీదా వేయదు.

వరుస అయిపోయాక, జాబితా లెక్కకు ముప్ఫై రెండో మనిషిగా పోయి రెబెకా ముందు కూర్చుంది. తల్లిని చూడగానే రెబెకా చేతిలో పెన్ను ఆగిపోయింది. అప్పుడే ఆ చేతిని చూసింది. కళ్లు నిండాయి. కానీ మా ఆడబిడ్డ పని మధ్యలో ఏడవదు. ముక్కు ఎగబీల్చి కొత్త ఫారం తీసింది.

"పేరు?"

"నీకు తెల్వదా?"

"అందరినీ అడిగిన అవ్వా."

"దెబోరా. అరవై ఎనిమిదేండ్లు."

"ఆఖరుసారి చెకప్‌కు ఎన్నడు పోయినవ్?"

"పోలే."

"ఇన్నేండ్లు రాకపోవుడుకు కారణం?" రెబెకా ఫారంలో ఉన్నవి చదివింది. "దూరమా, ఖర్చా, భయమా, తోడు ఎవరూ లేకనా, వేరే ఏమన్నానా?"

నేను ముందుకు వంగాను. "రెబెకా, నేను చెప్పిన గదా, అందరికీ ఒకటే కారణం. గా వాక్యం..."

"నువ్వూకో మమతా," అంది అత్తమ్మ. వరండాలో లింగవ్వ వాళ్లు ఇంకా చెప్పులు వెతుక్కుంటున్నారు. వాళ్లకు వినబడాలనే ఆమె గొంతు పెంచింది, బడిలో పాఠం చెప్పే గొంతు. "రాసింది నా కోడలు. ఒక్కసారి రాసింది. నేను వంద సార్లు చెప్పిన. డాక్టరు రమ్మన్నడని నాకు తెలుసు. చప్పట్లు మంచిగనిపించినయి బిడ్డా, గా చప్పట్లు పోతయని పోలే. నా ఎనుక వీళ్లందరినీ కూసోవెట్టిన. వేరే అన్న కాడ రాయి. తప్పు నాదే."